అందరి కథా చెప్పిన పింజారి

తెలుగులో ఒక తిట్టు ఉంది. పింజారి వెధవ. బడిలో, బజార్లో, సినిమాల్లో, ఇంట్లో పిల్లల్ని ముద్దుగా కసిరేటప్పుడు కూడా ఈ మాట దొర్లిపోతుంది. తిట్టే వాళ్ళలో చాలామందికి అది బతికున్న మనుషుల పేరని తట్టదు. దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికిన ముస్లింల పేరది. దూదేకుల అన్నా, నూర్‌బాష అన్నా, లద్దాఫ్ అన్నా వాళ్ళే. ఆ తిట్టుని తీసుకెళ్ళి తన ఆత్మకథ అట్టమీద పెట్టుకున్నాడు షేక్ నాజర్. 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. బుర్రకథ పితామహుడని సభల్లో దండలు వేయించుకున్న మనిషి. తంబూర పేరు పెట్టుకోవచ్చు, బిరుదు పేరు పెట్టుకోవచ్చు, ఊరి పేరు పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. 'పింజారి' అన్నాడు.

నాజర్ మీద మెచ్చుకోలు వ్యాసాలకు కొదవలేదు. ఆ వ్యాసాలకు అలవాటైన దారి ఒకటుంది. గొంతు దగ్గర ఆగుతాయి, గజ్జెల దగ్గర ఆగుతాయి, పద్మశ్రీ దగ్గర మరికాస్త ఎక్కువసేపు ఆగుతాయి. ఈ పేరు దగ్గరకొచ్చేసరికి మాత్రం గబగబా దాటిపోతాయి. మేం ఇక్కడ్నించే మొదలుపెట్టదల్చుకున్నాం.

మేం తాడ్వాయి వాళ్ళం. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తోవలో ఉంటుంది మా ఊరు. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. గుంటూరు దిక్కు కళాకారుడితో మీకేం పని అని ఎవరైనా అడగొచ్చు. 2014 తర్వాత మరీ అడగొచ్చు. పని ఉంది. రాష్ట్రాలు రెండయ్యాయి గానీ తిట్టు రెండు కాలేదు. అక్కడా పింజారే, ఇక్కడా పింజారే. విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకిన వాళ్ళు మా దిక్కూ ఉన్నారు. ఆ విల్లు మోత విని పెరిగిన వాళ్ళం మేం.

నాజర్ 1920లో పొన్నెకల్లులో పుట్టాడు. తాడికొండ పక్కన ఊరు. దూదేకుల ఇల్లు, పేద ఇల్లు, తెలుగే ఇంటి భాష. పిల్లవాడిగానే నాటకం ఎక్కాడు. గొంతుంది, దాన్ని సంగీతంతో సానబెట్టుకున్నాడు. హార్మోనియం తెలుసు, రాగం తెలుసు, వేషం తెలుసు. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమం గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్ని కుదుపుతున్నప్పుడు ప్రజానాట్యమండలిలోకి వచ్చాడు. అక్కడ బుర్రకథ ఆయన చేతికి దొరికింది. లేదా బుర్రకథకి ఆయన దొరికాడు. ఇట్లా చెప్పడమే సబబు. ఎందుకంటే అప్పటిదాకా అది జంగాలు ఇంటిముందు నిలబడి చెప్పుకుని బియ్యం తీసుకుపోయే కథ. మా దిక్కు బుడిగ జంగాలు, శారదకాండ్లు చెప్పే కథకి దాయాది. దానిమీద పెద్ద మనుషులకు గౌరవం లేదు. బిచ్చగాళ్ళ విద్యని పార్టీ పట్టుకుంది. పార్టీ పట్టుకున్న విద్యని నాజర్ నాటకం చేశాడు.

ఇది కాస్త విడమర్చి చెప్పాలి. నాజర్ని గాయకుడిగా చూసేవాళ్ళే ఎక్కువ. మా దృష్టిలో ఆయన ముందు నటుడు.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు. భుజాన తంబూర, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు, నెత్తిన తలపాగా. అటు ఒకరు, ఇటు ఒకరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. ఒక వంతది హాస్యం, రెండో వంతది రాజకీయం. తెర లేదు. వేషం మార్చుకునే చోటు లేదు. రాజూ ఆయనే, రాణీ ఆయనే, ఏడ్చే తల్లీ ఆయనే. నాటకంలో నటుడికి ఒక పాత్ర ఇస్తారు, రాత్రంతా అది మోసుకుంటే చాలు. ఇక్కడ ఒక్క అడుగు ముందుకేస్తే బాలచంద్రుడు, అదే అడుగు వెనక్కేస్తే మాంచాల. మాటనుంచి పాటకి, పాటనుంచి వచనానికి, వచనం నుంచి గజ్జెకి ఊపిరి తెగకుండా పోవాలి. పెద్ద పాత్రలు వేసే స్టేజీ నటుల్లో ఎందరు ఈ పని చేయగలరు? నాటకంలో నేర్చిన అభినయాన్నీ, కచేరీ సంగీతపు పట్టునీ నాజర్ ఈ జంగం కథలోకి తెచ్చిపోశాడు. ఆయన తర్వాత బుర్రకథ అంటే జనం కళ్ళముందు నిలిచేది ఆయన పద్ధతే.

మాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పండితులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. దూదేకులవాడు విల్లు పట్టుకునే తీరు చూసినవాళ్ళకి తెలుస్తుంది. భుజం ఎత్తులో కర్ర, బిగించిన నరం, చేతిలో గుండుకర్ర. కొడితే మోగుతుంది, మోగినకొద్దీ దూది లేస్తుంది. పొద్దంతా అదే లయ. భుజాన తంబూర పెట్టుకుని వేళ్ళ అందెలు మోగిస్తూ అడుగేసే కథకుణ్ణి చూస్తే మాకు ఆ విల్లే గుర్తొస్తుంది. కళ ఆకాశంనుంచి ఊడిపడదు. చేతివృత్తుల ఇళ్ళల్లో పిల్లలకి తాళం వేరే నేర్పనక్కర్లేదు, ఇల్లే నేర్పుతుంది. నాజర్ ప్రతిభని 'దైవదత్తం' అని మొక్కేసేవాళ్ళు ఈ శ్రమని చూడరు.

ఇక ఆయన చెప్పిన కథలు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు. 1943 బెంగాల్ కరువు మీద చెప్పిన కథ. ఈ వరస చూపించి మెచ్చుకునేవాళ్ళ మాట ఎప్పుడూ ఒక్కటే. 'చూడండి, ముస్లిం అయ్యుండి మన వీరుల కథలు ఎంత గొప్పగా చెప్పాడో!'

ఈ 'అయ్యుండి' దగ్గరే మాకు పేచీ. బ్రహ్మనాయుడు 'మన' వాడైతే నాజర్ ఎవరి వాడు? పల్నాటికి పక్కనే పుట్టి, ఆ తెలుగులోనే పుట్టి, ఆ కథలు వింటూ పెరిగిన మనిషికి పల్నాటి కథ పరాయిదెట్లా అవుతుంది? తన ఇంట్లో తాను అన్నం తింటే మెచ్చుకోలు ఏమిటి? కరవది నుంచి శ్రీరంగం దాకా నాదస్వరం మోసుకెళ్ళిన షేక్ చిన మౌలానాకీ ఇదే మెచ్చుకోలు. 1977లో పద్మశ్రీ వచ్చిన విద్వాంసుడాయన. గుడిలో వాయించాడు కనుక మంచి ముస్లిం. రామకథ చెప్పాడు కనుక మంచి ముస్లిం. ఈ సర్టిఫికెట్టు వెనక ఇంకో మాట దాక్కుని ఉంటుంది. వాయించనివాడు, చెప్పనివాడు ఏ ముస్లిమో మీరే తేల్చుకోండి అని. 1992 డిసెంబరు తర్వాత ఈ సర్టిఫికెట్ల బరువు ఎంతో మాకు బాగా తెలిసొచ్చింది. పుట్టుకే మచ్చగా మారిన తీరుని ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే 'పుట్టుమచ్చ'లో చెప్పాడు. నాజర్ లాంటి వాళ్ళని మచ్చలేని ముస్లింలుగా అద్దాల బీరువాలో పెట్టడం ఆ మచ్చకి ఇంకో వైపు.

లౌకికవాదులైన మిత్రులు కూడా ఇక్కడ జారిపోతున్నారు. వాళ్ళకి నాజర్ 'సామరస్యానికి ప్రతీక'. ప్రతీకకి ఆకలి ఉండదు, కులం ఉండదు. మనిషికి ఉంటాయి.

ఆ కథల్లోకి వెళ్ళి చూస్తే సంగతి ఇంకా చిక్కగా ఉంటుంది. పల్నాటి యుద్ధంలో చాపకూడు ఉంది. అన్ని కులాలూ ఒకే చాపమీద కూర్చుని తినడం. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకోవడం ఉంది. పన్నెండో శతాబ్దపు కథ. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా పల్లెల్లో ఆ చాప పరచలేదు. ఆ చాప గురించి ఊరూరా తిరిగి, గజ్జె కట్టి, గొంతు చించుకుని చెప్పినవాడు పేరే తిట్టయిన కులంవాడు. వింటున్న జనంలో కమ్మ రైతులున్నారు, రెడ్డి రైతులున్నారు, మాలపల్లెవాళ్ళు దూరంగా కూర్చుని ఉన్నారు. ఇంత బరువైన నాటకం ఏ రచయితా రాయలేడు. చాపకూడు ఘట్టాన్ని నాజర్ నోట విన్నవాళ్ళు కథ మాత్రమే విని వెళ్ళిపోయి ఉంటే, ఆ నాటకంలో సగమే చూశారు.

బొబ్బిలి వేరు. 1757 నాటి కథ. తాండ్ర పాపారాయుడు, బుస్సీ ఫిరంగులు, బుస్సీ పక్కన దివాను హైదర్ జంగ్. వెలమ దొరల పౌరుషం మీద నడిచే కథ. కథ చెప్పడంలో నేర్పు ఎంతున్నా, దూదేకులవాడికి ఆ కోటలో చోటెక్కడ? లోపల దొరలు, బయట ఫిరంగులు. కోటలోనివాళ్ళు పడుకునే పరుపు ఏకినవాడు కథలోకి రాడు. ఇది నాజర్ తప్పు అనడం లేదు. తెలుగు వీరగాథల సంప్రదాయమే అట్లా ఉంది. చాకలికీ, మంగలికీ, దూదేకులకీ అందులో మాటలుంటే నవ్వించే మాటలే, వంతల హాస్యంలోకి పోయే మాటలే. ఉద్యమం వచ్చి ఈ సంప్రదాయాన్ని కొంత తిప్పింది. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మాభూమి' నాటకానికి ప్రేరణ మా తెలంగాణ ముస్లిం రైతు షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టులో కొట్లాడి, గెలిచి, ప్రాణం పోగొట్టుకున్నవాడు. ముస్లిం అంటే నవాబు, అత్తరు, పల్లకీ అని స్థిరపడిపోయిన చోట, ఎకరాల కోసం చచ్చిన ముస్లింని నాటకం దాకా తెచ్చినందుకు ప్రజానాట్యమండలికి మా సలాం. మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. 1948 తర్వాత నిర్బంధంలో దళాలు చెల్లాచెదురయ్యాయి. చాలామంది మద్రాసు రైలెక్కారు. సినిమాలున్నది అక్కడే.

నాజర్ సినిమాల్లో ఉన్నాడు, లేడు. రెండూ నిజమే.

ప్రజానాట్యమండలికి పెద్ద దిక్కయిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు. జమున తొలిసారి తెరమీదికొచ్చింది ఆ సినిమాతోనే. అల్లు రామలింగయ్య తెర బతుకు మొదలైందీ అక్కడే. నాజర్ బుర్రకథా అందులో ఉంది. మరుసటేడు ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన 'అగ్గిరాముడు' వచ్చింది. అందులో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఊళ్ళకి ఊళ్ళని ఊపింది. నాజర్ని ఎన్నడూ చూడని మా దిక్కు జనానికి ఆయన ముఖం చూపించింది ఆ సినిమానే.

ఆ తర్వాత ఏమైందో చూడండి. అల్లు రామలింగయ్య వందల పాత్రలు వేశాడు, 1990లో పద్మశ్రీ అయ్యాడు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి రాజులూ మంత్రులూ జమీందార్లూ అయ్యాడు. అదే మండలి, అదే స్టేజీ, అదే శిక్షణ. ఒక్క మనిషిలో పది పాత్రలు ఆడించగల నాజర్ని మాత్రం సినిమా బుర్రకథ చెప్పేవాడిగానే పిలిచింది. కథ మధ్యలో ఒక జాతరో పండగో వస్తుంది, తంబూర మోగుతుంది, అయిపోతుంది. దీనికి మతమే కారణమని మేం తేల్చిచెప్పడం లేదు. ఆయనకీ తంబూర మీద, ఊళ్ళ మీద మమకారం ఎక్కువే. కానీ సినిమా చూపు ఎట్లాంటిదో తెలుసుకోవడానికి ఇంకో ఆధారం ఉంది. తెలుగు తెరమీది సాయిబు.

ఆ సాయిబుకి తెలుగు రాదు. 'నాకీ', 'నీకీ', 'అరె భాయ్' అంటాడు. లుంగీ కడతాడు, మెడలో తాయెత్తు, కంటికి సుర్మా. మంచివాడైతే హీరో కోసం ప్రాణమిస్తాడు, చెడ్డవాడైతే కత్తి తిప్పుతాడు. పావలా పాత్ర. ఆంధ్రలో, తెలంగాణలో లక్షల దూదేకుల ఇళ్ళల్లో తల్లిభాష తెలుగేనని ఆ సినిమాలు రాసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదా? వాళ్ళ స్టూడియోలోనే, వాళ్ళ కెమెరా ముందే నిలబడి గుక్క తిప్పుకోకుండా తెలుగు వచనం దంచినవాడు షేక్ నాజర్. ఆయన గొంతు రికార్డు చేసుకుని, అవతలి సెట్టులో తెలుగురాని సాయిబుని తయారుచేశారు. నాజర్ తెలుగు ఒక్కటి చాలు, ఆ సాయిబు అబద్ధమని రుజువు చేయడానికి. ఆ రుజువు ఎవరూ అడగలేదు.

హైదరాబాదు మనిషి ఇంకొకాయన ఉన్నాడు. హమీద్ అలీ ఖాన్. గోల్కొండలో 1922లో పుట్టి, వరంగల్లు వైపు చదువుకుని, బొంబాయి పోయాడు. అక్కడ హమీద్ పోయి అజిత్ అయ్యాడు. 'మొఘల్-ఎ-ఆజం'లో రాజపుత్రుడు దుర్జన్ సింగ్, 1973లో 'జంజీర్'లో తేజా. పెషావర్ యూసుఫ్ ఖాన్ 1944లోనే దిలీప్ కుమార్ అయ్యాడు. బొంబాయి తెరకి ముస్లిం ముఖాలు కావాలి, ఉర్దూ గొంతులు కావాలి, పేర్లు వద్దు. పేరు మార్చుకున్నవాళ్ళని మేం తప్పుపట్టం. బతుకుదెరువు. కానీ నాజర్ పేరు మార్చుకోలేదన్నది చిన్న సంగతి కాదు. ఊళ్ళో దండోరా వేస్తే 'నాజర్ బుర్రకథ' అనే వేశారు. సీతారామరాజు కథకి జనం కట్టలు తెంచుకుని వచ్చింది ఒక ముస్లిం పేరు విని. బొంబాయి కోట్లు పెట్టి చేయలేని పని తెలుగు పల్లె పెట్రోమాక్సు లైటు కింద చేసింది. రాజమండ్రి అలీ 1981లో 'సీతాకోకచిలుక'లో తన పేరుతోనే తెరమీద నిలబడగలిగాడంటే, ఆ పేర్లకి ఈ నేలమీద దారి వేసినవాళ్ళలో నాజర్ ముందువాడు.

ఇంతదాకా అవతలి వాళ్ళ సంగతి. మా లోపలి సంగతి కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది.

'తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా' అని సామెత. హిందువులు పుట్టించారో ముస్లింలు పుట్టించారో గానీ ఇద్దరూ నవ్వుతారు దానికి. షేక్, సయ్యద్, మొగల్, పఠాన్ అని చెప్పుకునే ఇళ్ళల్లో దూదేకుల పిల్లని చేసుకుంటారా? ఉర్దూ రాదని, నమాజు సరిగా రాదని, పేర్ల చివర అమ్మ, అయ్య ఉంటాయని ఎత్తిపొడుపులు. ఇస్లాంలో కులం లేదని మైకులో చెప్పినవాళ్ళే సంబంధాల దగ్గర వంశం అడుగుతారు. సర్కారు లెక్కల్లోనూ దారులు వేరు. దూదేకులవాళ్ళు 1970 నుంచీ బీసీ-బీలో ఉన్నారు, మిగతా వెనకబడిన ముస్లింలకి బీసీ-ఈ వచ్చింది 2007లో. ఈ రెండు అక్షరాల మధ్య 'మీరు అసలు ముస్లింలేనా' అన్న ప్రశ్న దూరింది. హిందువుల దగ్గర తురకోడు, తురకల దగ్గర దూదేకులోడు. నాజర్ నిలబడ్డ చోటు అది. ఆయన 'పింజారి' అని పుస్తకానికి పేరు పెట్టినప్పుడు ఆ మాట రెండు దిక్కులకీ తగులుతుంది. ముస్లిం సాహిత్యకారులమని చెప్పుకునే మనం దాన్ని హిందూ సమాజం మీద మాత్రమే విసిరిన రాయిగా చదువుకుంటే కుదరదు.

మా పాత జిల్లాలోనే, బోధన్ పక్కన అందాపూర్‌లో చిందు ఎల్లమ్మ ఉండేది. చిందు భాగోతంలో మగవేషాలు కూడా కట్టిన మహానటి. ఆమె పేరులో చిందు అన్నది ఇంటిపేరు కాదు, కులం, కళ రెండూ. మాదిగ వాడల నుంచి వచ్చిన ఆట. నాజర్‌ని, ఎల్లమ్మని పక్కపక్కన పెట్టి చూడాలని మాకు చాన్నాళ్ళుగా ఉంది. ఆమెకి కులమే పేరుకి ముందు నిలబడి ఊరంతా పిలిచింది. ఈయన కులాన్ని ఊరు తిట్టుగా వాడుకుంటే, ముసలితనంలో తనే తీసి పేరుకి ముందు పెట్టుకున్నాడు. ఇద్దరూ దేవతల, రాజుల కథలు ఆడారు. ఇద్దరి కథా ఏ భాగోతంలోనూ లేదు.

'పింజారి'ని నాజర్ చెప్పాడు, అంగడాల వెంకట రమణమూర్తి అక్షరాల్లో పెట్టాడు. చెప్పడం అన్నది ముఖ్యం. జీవితమంతా కథ చెప్పినవాడు తన కథని కూడా చెప్పనే చెప్పాడు, రాయలేదు. ఒక్క తేడా ఉంది. పల్నాటి కథకి పక్కన ఇద్దరు వంతలున్నారు, గుమ్మెటలున్నాయి, ముందు వేలమంది జనం. ఈ కథ చెప్పేటప్పుడు వినేది ఒక్కడు, చేతిలో కలం. 1997 ఫిబ్రవరిలో నాజర్ పోయాడు. మరుసటేడు 'జల్‌జలా' వచ్చింది, ముస్లింవాద కవిత్వం గొంతు పెద్దదయింది. అందులో కోపం ఉంది, దుఃఖం ఉంది, బాబ్రీ ఉంది. మంచిదే. కానీ ఆ కవులకి తాత లాంటి మనిషి వాళ్ళకంటే ముందే పింజారి అని తన పేరు తాను పెట్టుకుని పోయాడని మన చర్చల్లో ఎన్నిసార్లు వచ్చింది? పాఠ్యపుస్తకాల వాళ్ళకి బుర్రకథ అంటే నాజర్. మనకి కూడా అంతేనా?

మా తాడ్వాయి పిల్లలు కొందరికి ఈ మధ్య ఒక పని అప్పజెప్పాం. 'పింజారి'లోంచి ఒక్క గంట కథ తీసి, ముగ్గురు నిలబడి బుర్రకథగా చెప్పమన్నాం. ఎప్పుడైనా నాజర్ కథకి పక్కన రెండు వంతలుండాలని. పిల్లలు పుస్తకం తీసుకుపోయారు. రెండు రోజుల్లో తిరిగొచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఇది: కథలో ఊరివాళ్ళు ఆ తిట్టు తిట్టే చోట రాజకీయం చెప్పే వంత ఏమనాలి, నవ్వించే వంత ఏమనాలి? దానిమీద ఇంకా వాదులాడుకుంటున్నారు.